అరెస్టయిన కోచ్‌ను తీసేస్తే మిగతా జీతం కట్టాలా, అక్కర్లేదా?

ప్రశ్న ఇది: "2022 డిసెంబరులో టెక్సాస్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ హెడ్ కోచ్ క్రిస్ బియర్డ్‌ను ఇంట్లో గొడవ కేసులో అరెస్టు చేశారు. నెల తిరక్కముందే ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ తర్వాత ప్రాసిక్యూటర్ కేసే ఎత్తేశాడు. నేరం రుజువు కానప్పుడు మిగిలిన ఐదేళ్ల జీతం ఎగ్గొట్టడం ఎలా చెల్లుతుంది? అరెస్టు ఒక్కటే చాలా?"

ముందు సూటి జవాబు చెప్పేస్తాను. అరెస్టు ఒక్కటే చాలదు. అలాగని కోర్టులో నేరం రుజువయ్యేదాకా ఆగాల్సిన పనీ లేదు. కాంట్రాక్టులో ఏం రాసుకున్నారు, దానికి సరిపడే ఆధారం యూనివర్సిటీ దగ్గర ఉందా, తీసేసేటప్పుడు రాసుకున్న పద్ధతి పాటించారా అన్నదాని మీదే అంతా నడుస్తుంది. క్రిమినల్ కేసు ఏమైందన్నది వీటి తర్వాతి సంగతి.

నేను ఇక్కడ అమెరికాలో ఉద్యోగ ఒప్పందాల తగాదాలు చూసే లాయర్ని. కోచ్‌ల తరఫునా, కాలేజీల తరఫునా కాగితాలు చదివినవాణ్ణి. ఇలాంటి వార్త రాగానే బయట అందరూ పోలీసు రిపోర్టు కోసం వెతుకుతుంటే మేం కాంట్రాక్టు తెరుస్తాం. స్టేట్ యూనివర్సిటీ అయితే అది సాధారణంగా పబ్లిక్ రికార్డు, ఎవరైనా అడిగి తెచ్చుకోవచ్చు. అందుకే పెద్ద కోచ్‌ల కాంట్రాక్టులు పేపర్ల వెబ్‌సైట్లలో పేజీలకు పేజీలు దొరుకుతాయి.

ఇక్కడి ఉద్యోగాల సంగతి మన ఐటీవాళ్లకు కొత్త కాదు. కారణం చెప్పక్కర్లేదు, ముందస్తు నోటీసు అక్కర్లేదు, పొద్దున్నే లాప్‌టాప్ లాక్ అయిపోయి ఉంటుంది. హెడ్ కోచ్ ఉద్యోగం ఆ బాపతు కాదు. ఐదేళ్లకో, ఏడేళ్లకో, పదేళ్లకో కాంట్రాక్టు రాసుకుంటారు. టీమ్ ఓడిపోతోందనో, దాతలకు మొహం మొత్తిందనో మధ్యలో తీసేయొచ్చు గానీ, అప్పుడు కాంట్రాక్టులో రాసుకున్న సొమ్ము లెక్కగట్టి ఇవ్వాలి. దాన్నే బయౌట్ అంటారు. 2023 నవంబరులో టెక్సాస్ ఏ అండ్ ఎమ్ తన ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ను ఇలాగే సాగనంపింది, బయౌట్ 7.5 కోట్ల డాలర్లు దాటింది. ఆయన మీద ఆరోపణ ఏమీ లేదు, గెలవాల్సినన్ని గెలవలేదు, అంతే. అదే 'ఫర్ కాజ్' అని, అంటే కోచ్ తప్పు కారణంగా తీసేస్తే, సాధారణంగా ఆ రోజు దాకా జీతమిచ్చి దండం పెట్టేయొచ్చు. కోట్లు ఇవ్వాలా, ఏమీ ఇవ్వక్కర్లేదా అన్నది ఆ ఒక్క క్లాజు మీద ఉంటుంది కాబట్టే రెండు వైపుల లాయర్లూ దాని మీద అంతలా కొట్టుకుంటారు.

ఇక బియర్డ్ కేసు. 2021 ఏప్రిల్‌లో ఆయన ఏడేళ్లకు, 3.5 కోట్ల డాలర్లకు టెక్సాస్‌లో చేరాడు. 2022 డిసెంబరు 12 అర్ధరాత్రి దాటాక ఆస్టిన్‌లోని ఇంటికి పోలీసులు వచ్చారు. కాబోయే భార్యపై దాడి చేశాడన్న ఫిర్యాదు మీద ఫెలొనీ (తీవ్రమైన నేరం) కింద అరెస్టు చేశారు. యూనివర్సిటీ అదే రోజు జీతం లేకుండా సస్పెండ్ చేసింది. డిసెంబరు 23న ఆవిడే ఒక ప్రకటన ఇచ్చింది. ఆయన తన గొంతు నులమలేదనీ, తనను తాను కాపాడుకున్నాడనీ, ఆయన్ను అరెస్టు చేయించాలని తాను అనుకోలేదనీ అందులో చెప్పింది. 2023 జనవరి 5న టెక్సాస్ ఆయన్ను తొలగించింది. ఫిబ్రవరి 15న ట్రావిస్ కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే ప్రాసిక్యూటర్, కేసు ఎత్తేశారు. ఆవిడ అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకున్నామనీ, సందేహానికి తావు లేకుండా రుజువు చేయడం కుదరదనీ చెప్పారు. అంటే ఆయన నేరం చేశాడని ఏ కోర్టూ అనలేదు. కింద రాసేదంతా ఈ సంగతి మనసులో పెట్టుకునే చదవండి.

ఆయన కాంట్రాక్టులో తొలగించడానికి కారణాల జాబితా ఒకటి ఉంది. అందులో మనకు కావాల్సిన క్లాజు సారాంశం ఇలా ఉంటుంది: హెడ్ కోచ్‌కు తగనిదనీ, యూనివర్సిటీకి చెడ్డపేరు తెచ్చేదనీ పాలకవర్గం సహేతుకంగా తేల్చిన ఏ ప్రవర్తన అయినా సరే. లేదా ఫెలొనీ గానీ, దొంగతనం, మోసం, నైతిక పతనం కిందికి వచ్చే నేరం గానీ మోపడానికి దారితీసిన ప్రవర్తన అయినా సరే.

రెండో సగంలో నేరం 'మోపితే' చాలు, శిక్ష పడాలని లేదు. కొన్ని కాంట్రాక్టులు శిక్ష పడితేనే అంటాయి, కొన్ని నేరం ఒప్పుకుంటేనో శిక్ష పడితేనో అంటాయి, కొన్ని అభియోగం నమోదైతే చాలంటాయి. కోచ్ తరఫు లాయరు చేరేరోజున బేరమాడాల్సింది సరిగ్గా ఇక్కడ. జీతం అంకె మీద వారం రోజులు బేరమాడి, ఈ క్లాజు దగ్గరికొచ్చేసరికి సంతకం పెట్టేసేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అందరూ కొత్త సీజన్ హుషారులో ఉంటారు, అరెస్టు గురించి ఆ గదిలో ఎవరూ ఆలోచించరు.

అయితే ఆ రెండో సగం కూడా టెక్సాస్‌కు పూర్తిగా సుఖమైనది కాదు. అరెస్టు ఒకటి, నేరం మోపడం ఒకటి. టెక్సాస్‌లో ఫెలొనీ కేసు ముందుకు సాగాలంటే మామూలుగా గ్రాండ్ జ్యూరీ (కేసు నడపడానికి సరిపడా ఆధారం ఉందా అని చూసే పౌరుల బృందం) అభియోగం ఖరారు చేయాలి. బియర్డ్ విషయంలో అంతదూరం వెళ్లనే లేదు. 'మా క్లయింటు మీద ఏ నేరమూ మోపలేదు, పోలీసులు పట్టుకెళ్లారు, అంతే' అని వాదించడానికి చోటుంది.

కాబట్టి యూనివర్సిటీ ఏం చేసిందో చూడండి. తొలగించే రోజు పొద్దున బియర్డ్ లాయరు ఉత్తరం రాశాడు, తీసేయడానికి కారణమే లేదని. యూనివర్సిటీ లీగల్ వ్యవహారాల వైస్ ప్రెసిడెంట్ ఇచ్చిన జవాబులో అసలు ముక్క ఇది: డిస్ట్రిక్ట్ అటార్నీ చివరికి నేరం మోపుతారా లేదా అన్నది మాకు నిర్ణాయకం కాదు, మేం చూసేది ఆయన ప్రవర్తనను, అది నేరం కూడా అవుతుందా అన్నదాన్ని కాదు. పైగా ఆ ఉత్తరమే ఆయనకు తన ప్రవర్తన తీవ్రత అర్థం కాలేదని చూపిస్తోందనీ, అది కూడా ఆయన ఉద్యోగానికి పనికిరాడనడానికి మరో కారణమనీ రాశాడు. కాస్త ఘాటుగా ఉంది కదా. కానీ లాయర్‌గా చెప్తున్నా, గట్టి ఉత్తరం. అరెస్టు మీద ఒక్క ఇటుక కూడా పెట్టలేదు. కాబట్టి తర్వాత కేసు ఎత్తేసినా తొలగింపు కింద కూలిపోవడానికి ఏమీ లేదు.

ఈ తేడా ఊరికే పుట్టింది కాదు. సమాన ఉపాధి అవకాశాల కమిషన్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇదే ఉంది: అరెస్టు అయినంత మాత్రాన నేరం చేసినట్టు కాదు, అయితే ఆ అరెస్టు వెనకున్న ప్రవర్తన ఉద్యోగానికి తగనిదైతే యజమాని దాని మీద చర్య తీసుకోవచ్చు. కాలిఫోర్నియాలో అయితే శిక్ష పడకుండా ముగిసిన అరెస్టును ఉద్యోగ నిర్ణయాల్లో వాడుకోకూడదని ఏకంగా కార్మిక చట్టంలోనే ఉంది. అక్కడి యూనివర్సిటీ తొలగింపు ఉత్తరంలో 'అరెస్టు కారణంగా' అని రాస్తే చేజేతులా కేసు తెచ్చుకున్నట్టే.

'సహేతుకంగా' అన్న షరతు దగ్గర కోచ్‌కు కొంత రక్షణ ఉంది. పేపర్లో చదివాం, దాతలు ఫోన్లు చేస్తున్నారు, అందుకని తీసేశాం అంటే అది సహేతుకం కాదు. పోలీసు అఫిడవిట్ చదివారా, సాక్షిని కలిశారా, కోచ్‌ను అడిగారా, అవతలి పక్షం మాట మార్చినప్పుడు దాన్నీ తూచారా అని జడ్జి అడుగుతాడు. కానీ జడ్జి తూకం వేరు. క్రిమినల్ కోర్టులో సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. ఇక్కడ ఇటా అటా అంటే ఇటువైపే మొగ్గు ఉందనిపిస్తే చాలు. ఒకే సంఘటన మీద ప్రాసిక్యూటర్ 'నా వల్ల కాదు' అనడం, యూనివర్సిటీ 'మాకు చాలు' అనడం రెండూ సరైనవే కావచ్చు. మీ ప్రశ్నలో ముడి ఇక్కడే ఉంది: కేసు ఎత్తేశారంటే ఆ పైతూకానికి సరిపడా సాక్ష్యం లేదని. కింది తూకం గురించి అది ఏమీ చెప్పదు.

అసలు అరెస్టే లేకుండా ఇంతకంటే పెద్ద మొత్తాలు పోయిన సందర్భం ఉంది. మిషిగన్ స్టేట్ 2023 సెప్టెంబరులో ఫుట్‌బాల్ కోచ్ మెల్ టకర్‌ను లైంగిక వేధింపుల ఫిర్యాదు నేపథ్యంలో ఫర్ కాజ్ తొలగించింది. పదేళ్లకు 9.5 కోట్ల డాలర్ల ఒప్పందంలో దాదాపు 8 కోట్లు మిగిలి ఉన్నాయి. పోలీసుల ఊసే లేదు. సెప్టెంబరు 18న ఉద్దేశ నోటీసు, జవాబుకు ఏడు రోజుల గడువు, 27న తొలగింపు. ఆరోపణను ఆయన ఒప్పుకోలేదు, తర్వాత కోర్టుకెక్కాడు. ఇక్కడ గమనించాల్సింది ఆ నోటీసు, ఆ గడువు.

నోటీసు గడువుల గొడవ ఎందుకంటే, స్టేట్ యూనివర్సిటీ అంటే ప్రభుత్వం. ప్రభుత్వానికి రాజ్యాంగం అడ్డొస్తుంది. కారణం లేకుండా తీసేయలేని ప్రభుత్వ ఉద్యోగిని తొలగించే ముందు ఆరోపణ ఏమిటో చెప్పి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలని సుప్రీంకోర్టు 1985లో లౌడర్‌మిల్ కేసులో తేల్చింది. లౌడర్‌మిల్ ఒక స్కూల్ బోర్డులో సెక్యూరిటీ గార్డు. పెద్ద విచారణ అక్కర్లేదు, ఒక ఉత్తరం, ఒక మీటింగ్ సరిపోవచ్చు. ప్రైవేటు యూనివర్సిటీకి ఈ బాధ లేదు, అక్కడ కాంట్రాక్టులో ఏం రాసుకుంటే అదే.

మరి అదే రోజు జీతం ఆపేసి సస్పెండ్ చేయడం? దానికి అచ్చంగా సరిపోయే కేసు ఒకటుంది. 1992 ఆగస్టు 26న పెన్సిల్వేనియాలోని ఈస్ట్ స్ట్రౌడ్స్‌బర్గ్ యూనివర్సిటీలో పోలీసుగా పనిచేసే హోమర్‌ను ఒక ఇంట్లో డ్రగ్స్ సోదా సమయంలో స్టేట్ పోలీసులు అరెస్టు చేశారు. యూనివర్సిటీ వెంటనే జీతం లేకుండా సస్పెండ్ చేసింది. సెప్టెంబరు 1కల్లా ఆరోపణలు ఎత్తేశారు. అయినా సస్పెన్షన్ ఎత్తలేదు, చివరికి ఆయన్ను పోలీసు ఉద్యోగం నుంచి మైదానాలు చూసుకునే పనికి దించేశారు. ముందు నా మాట వినకుండా జీతం ఎలా ఆపారని కోర్టుకెళ్లాడు. 1997లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పిందేమిటంటే, అరెస్టు చేసి ఫెలొనీ మోపింది యూనివర్సిటీ కాదు, బయటి వ్యవస్థ. కాబట్టి సస్పెన్షన్ ఊరికే గాల్లోంచి పుట్టలేదని అనుకోవడానికి అది చాలు, ముందస్తు విచారణ తప్పనిసరి కాదు. కానీ ఆ తర్వాత త్వరగా వినాలి, ఆలస్యం జరిగిందా లేదా చూడమని కింది కోర్టుకు పంపింది. అంటే అరెస్టు సస్పెన్షన్‌కు తలుపు తెరుస్తుంది. తొలగింపుకు వేరే తాళం కావాలి.

ఆంధ్ర, తెలంగాణల్లో ప్రభుత్వ ఉద్యోగం చేసినవాళ్లకు ఇందులో కొంత పరిచయమే. 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే లెక్కని మన సీసీఏ (ప్రభుత్వ ఉద్యోగుల క్రమశిక్షణ) రూల్స్ అంటాయి. అక్కడైనా శాఖాపరమైన విచారణ, క్రిమినల్ కేసు దేని దారి దానిదే, కోర్టు కొట్టేసినంత మాత్రాన ఉద్యోగం దానంతటదే వెనక్కి రాదు. కాకపోతే అక్కడ సస్పెన్షన్‌లో జీవనభృతి అయినా వస్తుంది.

తొందరపడితే ఏమవుతుందో చెప్పే కేసు నాకు అన్నిటికంటే ఇష్టం. అది అరెస్టు కేసు కాదు, అయినా పాఠం ఇదే. ఒహాయో స్టేట్ బాస్కెట్‌బాల్ కోచ్ జిమ్ ఓబ్రయన్ ఒక ఆటగాడి కుటుంబానికి 6,000 డాలర్లు ఇచ్చాడు. కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధనలకు అది విరుద్ధం. ఏళ్ల తర్వాత 2004 ఏప్రిల్‌లో తనే అథ్లెటిక్ డైరెక్టర్‌కు చెప్పాడు. జూన్‌లో తీసేశారు. అంత స్పష్టమైన తప్పుకు కోర్టు ఏముంది అనుకుంటాం. కానీ కాంట్రాక్టు చూస్తే, ఎన్‌సీఏఏ పెద్ద ఉల్లంఘన అని విచారణ జరిపి ఫలానా రకం నిర్ణయాలకు వస్తేనే తొలగించవచ్చని ఒక క్లాజు ఉంది. యూనివర్సిటీ అంతదాకా ఆగలేదు. ఒప్పందాన్ని తీవ్రంగా ఉల్లంఘించాడు అనే మరో క్లాజు పట్టుకుంది. ఒహాయో కోర్ట్ ఆఫ్ క్లెయిమ్స్ జడ్జి 2006లో ఏమన్నాడంటే, ఉల్లంఘన నిజమే, కానీ ఇంత పెద్ద ఒప్పందాన్ని తెంచేసేంత తీవ్రమైనది కాదు. యూనివర్సిటీ 20 లక్షల డాలర్లకు పైగా చెల్లించాల్సి వచ్చింది. అప్పీలు కోర్టు 2007లో అదే ఖాయం చేసింది. తప్పు చేసినవాడే గెలిచాడు, ఎందుకంటే తప్పుకు ఏ శిక్షో ముందే రాసుకున్నది యూనివర్సిటీయే. తమ కాంట్రాక్టును తామే సరిగ్గా చదువుకోని యూనివర్సిటీ మీద జాలిపడటం నాకు చేతకాదు.

అందరూ ఒకే వేగంతో కదలరు కూడా. 2017 సెప్టెంబరు 26న న్యూయార్క్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు లంచాల కేసులో నలుగురు అసిస్టెంట్ బాస్కెట్‌బాల్ కోచ్‌లను ఒకే రోజు అరెస్టు చేయించారు. ఓక్లహోమా స్టేట్ రెండు రోజుల్లో తన కోచ్‌ను తొలగించింది. ఆబర్న్ జీతం లేకుండా సస్పెండ్ చేసి నవంబరులో తీసేసింది. యూనివర్సిటీ ఆఫ్ సదర్న్ కాలిఫోర్నియా (యూఎస్‌సీ) సెలవులో పెట్టి, తీసేసేసరికి మరుసటి జనవరి వచ్చింది. కేసు ఒకటే, ఆరోపణల తీరు ఒకటే. తేడా వచ్చింది వాళ్ల వాళ్ల కాంట్రాక్టుల్లో, లోపలి పద్ధతుల్లో.

ఇక కోచ్ వైపు నుంచి చూస్తే మొదటి వారం నరకం. క్రిమినల్ లాయరు నోరు విప్పొద్దంటాడు. యూనివర్సిటీ విచారణాధికారి రమ్మంటాడు. రాకపోతే 'విచారణకు సహకరించలేదు' అన్నదే మరో కారణం అవుతుంది, చాలా కాంట్రాక్టుల్లో ఆ ముక్క ఉంటుంది. 1967 నాటి గ్యారిటీ తీర్పు ప్రకారం, చెప్పకపోతే ఉద్యోగం పోతుందని ప్రభుత్వ సంస్థ బెదిరించి రాబట్టిన వాంగ్మూలాన్ని క్రిమినల్ కేసులో వాడకూడదు. ఈ రక్షణ స్టేట్ యూనివర్సిటీ కోచ్‌కు ఉంటుంది, ప్రైవేటు కాలేజీ కోచ్‌కు ఉండదు. సివిల్ వ్యవహారంలో మాత్రం మౌనాన్ని అతనికి వ్యతిరేకంగా లెక్కించొచ్చు. కాబట్టి మంచి లాయర్లు మధ్యేమార్గం వెతుకుతారు: రాతపూర్వకంగా జవాబు, అది కూడా గ్యారిటీ రక్షణ కింద ఇస్తున్నట్టు నమోదు చేయించి. ఫోన్లోని మెసేజ్‌లు డిలీట్ చేయొద్దని కూడా అదే రోజు చెప్తారు. అసలు గొడవకంటే డిలీట్ చేసిన మెసేజ్‌ల వల్ల మునిగినవాళ్లే ఎక్కువని నా అనుభవం.

మీ ప్రశ్న కింద ఇంకొకరు తాగి డ్రైవ్ చేసిన కేసుల సంగతి అడిగారు. అది ఇంకో చిక్కు. మొదటిసారి డీయూఐ, అంటే తాగి డ్రైవ్ చేయడం, చాలా రాష్ట్రాల్లో ఫెలొనీ కాదు, మిస్‌డిమీనరే (చిన్న నేరమే). నైతిక పతనం కిందికి వస్తుందా అంటే, ఇమిగ్రేషన్ చట్టంలో మామూలు డీయూఐని సాధారణంగా అలా లెక్కించరు. కాంట్రాక్టు భాష మీద మాత్రం వాదన నడుస్తుంది. అందుకే 'ప్రజల్లో అపహాస్యం, చెడ్డపేరు' లాంటి వెడల్పాటి క్లాజులు పెట్టుకుంటారు. మద్యం వ్యసనం వైకల్యమే కదా, చట్టం కాపాడదా అంటారు. వ్యసనం ఉన్న మనిషిని కాపాడుతుంది, ఆ మత్తులో చేసిన పనిని కాదు. మిగతా ఉద్యోగులకు పెట్టే ప్రమాణమే అతనికీ పెట్టొచ్చని వికలాంగుల చట్టంలోనే ఉంది. యూఎస్‌సీ 2015లో ఫుట్‌బాల్ కోచ్ స్టీవ్ సార్కీసియన్‌ను తొలగించినప్పుడు ఆయన ఇదే దారిలో 3 కోట్ల డాలర్లకు దావా వేశాడు. అక్కడ అరెస్టు లేదు. వ్యవహారం ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు) వెళ్లింది, 2018లో యూఎస్‌సీ గెలిచింది.

పక్కమాట ఒకటి, హెచ్1బీ మీద ఉన్నవాళ్ల కోసం: డీయూఐ అరెస్టు అయితే శిక్ష పడకముందే, కేవలం అరెస్టు మీదే విదేశాంగ శాఖ వీసా రద్దు చేయగలదు. దాని అర్థం వెంటనే దేశం వదలమని కాదు, కానీ బయటికెళ్తే మళ్లీ స్టాంపింగ్ తప్పదు. ఈ విషయంలో కోచ్‌కున్నంత రక్షణ కూడా మనకు లేదు.

డీయూఐలో అన్నిటికంటే చిత్రమైనది వెస్ట్ వర్జీనియా కోచ్ బాబ్ హగిన్స్ కేసు. 2023 జూన్ 16న పిట్స్‌బర్గ్‌లో అరెస్టయ్యాడు, శ్వాస పరీక్షలో 0.21 శాతం వచ్చింది, చట్టం ఒప్పుకునేది 0.08 లోపే. అంతకు నెల ముందే రేడియోలో అన్న మాటకు జీతంలో 10 లక్షల డాలర్ల కోత పడి ఉంది. మర్నాడే రాజీనామా ప్రకటన వచ్చింది. జూలైలో ఆయన లాయర్లు, అసలు రాజీనామానే చేయలేదన్నారు. ఎందుకంటే వెళ్లింది ఆయన భార్య నుంచి ఒక సందేశం. కాంట్రాక్టు ప్రకారం రాజీనామా అంటే రాతపూర్వకంగా, రిజిస్టర్డ్ గానీ సర్టిఫైడ్ గానీ పోస్టులో వెళ్లాలి. యూనివర్సిటీ ఒప్పుకోలేదు: నువ్వు ఆటగాళ్లకు చెప్పావు, ప్రకటన ఇచ్చావు, దాన్ని నమ్మి మేం ముందుకెళ్లాం అంది. ఆయన తిరిగి రాలేదు. తమాషాగా అనిపించినా ఇందులో రెండు వైపులకూ నీతి ఉంది. రాజీనామా తీసుకునేటప్పుడు కాంట్రాక్టు చెప్పిన రూపంలోనే తీసుకోవాలి, ఇచ్చేటప్పుడు ఒక రాత్రి నిద్రపోయి ఇవ్వాలి. రాజీనామా అంటే బయౌట్ హక్కును చేతులారా వదులుకున్నట్టే.

సరే, కోచ్ దగ్గర మంచి వాదన ఉందనుకుందాం. ఎక్కడ వేస్తాడు కేసు? చాలామంది ఈ ప్రశ్న చివర్లో అడుగుతారు, నిజానికి మొదట అడగాలి. టెక్సాస్ టెక్ 2009 డిసెంబరు 30న ఫుట్‌బాల్ కోచ్ మైక్ లీచ్‌ను తొలగించింది. మర్నాడు ఆయనకు 8 లక్షల డాలర్ల బోనస్ రావాల్సి ఉంది. దెబ్బ తగిలిన ఆటగాడి పట్ల తప్పుగా ప్రవర్తించాడన్నది ఆరోపణ. ఆయన కాదన్నాడు, ఒప్పందం ఉల్లంఘించారని కేసు వేశాడు. వాదనలో దమ్ముందా లేదా అన్నదాకా వెళ్లనే లేదు. రాష్ట్రం ఒప్పుకోకుండా రాష్ట్ర సంస్థ మీద డబ్బు కోసం దావా చెల్లదన్న సార్వభౌమ రక్షణ గోడకు తగిలి ఆగిపోయింది. 2012లో టెక్సాస్ సుప్రీంకోర్టు కలగజేసుకోవడానికి నిరాకరించింది. బియర్డ్‌ది కూడా అదే రాష్ట్రం, స్టేట్ యూనివర్సిటీయే. ఆయన లాయర్లకు లీచ్ కథ తెలియకుండా ఉంటుందా? ఒహాయోలో రాష్ట్రం మీద దావాలకు ప్రత్యేక కోర్టు ఉంది కాబట్టి ఓబ్రయన్‌కు డబ్బు చేతికొచ్చింది. కనెక్టికట్ యూనివర్సిటీ 2018లో తీసేసిన బాస్కెట్‌బాల్ కోచ్ కెవిన్ ఓలీకి కూడా 2022లో ఆర్బిట్రేటర్ 1.1 కోట్ల డాలర్లకు పైగా ఇప్పించాడు. ఆయనకు అదనంగా ప్రొఫెసర్ల యూనియన్ ఒప్పందం అండగా ఉంది, చాలామంది కోచ్‌లకు ఆ అదృష్టం ఉండదు. ఒకే రకం తొలగింపు, రాష్ట్రం మారితే ఫలితం మారిపోతుంది.

అందుకే చాలావరకు మధ్యలోనే రాజీ పడతారు. కాన్సస్ యూనివర్సిటీ 2018లో ఫుట్‌బాల్ కోచ్ డేవిడ్ బీటీని మామూలుగా తీసేసి 30 లక్షల డాలర్లు ఇస్తామంది. తర్వాత నిబంధనల ఉల్లంఘన బయటపడిందని డబ్బు ఆపేసింది. ఓడిపోతున్నాడని తీసేసి, ఇప్పుడు సాకు వెతుకుతున్నారని ఆయన దావా. 2020లో 25.5 లక్షలకు తెగింది. లూయివిల్ యూనివర్సిటీ 2017లో బాస్కెట్‌బాల్ కోచ్ రిక్ పిటినోను ఫర్ కాజ్ తీసేస్తే ఆయన 3.87 కోట్ల డాలర్లకు దావా వేశాడు. 2019లో ఒక్క డాలరు కూడా చేతులు మారకుండా ముగిసింది. రికార్డుల్లో తొలగింపు కాస్తా రాజీనామాగా మారింది. మళ్లీ ఉద్యోగం దొరకాలంటే ఆ ఒక్క మార్పు విలువ చిన్నది కాదు.

'మిగిలిన ఐదేళ్ల జీతం' అన్న లెక్క గురించి కూడా ఒక మాట. కోచ్ గెలిచినా ఆ మొత్తమంతా వస్తుందని కాదు. ఫలానా అంకె ఇస్తామని కాంట్రాక్టులో గట్టిగా రాసుకోకపోతే, నష్టపోయినవాడు ఊరికే కూర్చోకుండా వేరే పని వెతుక్కోవాలి, అక్కడ వచ్చే జీతం పరిహారంలోంచి కోత పడుతుంది. బియర్డ్‌ను 2023 మార్చిలోనే, అంటే తొలగించిన రెండు నెలలకే, మిసిసిపీ యూనివర్సిటీ హెడ్ కోచ్‌గా తీసుకుంది. అక్కడ ఆయనకు వచ్చే ప్రతి డాలరూ టెక్సాస్ మీద వేయగలిగే లెక్కను అంతమేర తగ్గిస్తుంది. లీచ్‌ను ఆపిన గోడ ఉండగా, కొత్త ఉద్యోగం చేతిలో ఉండగా, మిగిలే ఆ కాస్త కోసం అన్ని విషయాలనూ మళ్లీ బహిరంగ కోర్టులో తవ్వుకోవడం నా క్లయింటు అయితే నేను వద్దనే చెప్పేవాణ్ణి.